మగవాడి ధర్మం, ఆడకూతురి సంతకం

(రెడ్డిగూడెంలో చేసిన భండారు అచ్చమాంబ స్మారకోపన్యాసం పాఠం)



మామిడి కోతల రోజుల్లో సభ పెట్టడం సాహసమే. పొద్దున్నుంచి తోటల్లో ఉండి, చేతుల సొన ఇంకా వదలకుండానే వచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆడవాళ్లంతా వెనక కుర్చీల్లో సర్దుకున్నారు, ముందు వరసలు మాత్రం ఖాళీ. ఫరవాలేదు, కోర్టులో వాదించిన గొంతు, చివరిదాకా వినపడుతుంది.

అచ్చమాంబ గారి పేరు మీద మాట్లాడమన్నారు. ఆవిడ మనకి దూరపు మనిషేం కాదు. 1874లో నందిగామ దగ్గర పెనుగంచిప్రోలులో పుట్టారు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారి పేరు మీకందరికీ తెలుసు. ఆయన అక్క అని చెబితే తప్ప ఈవిడెవరో చాలామందికి తెలియదు. చిన్నతనంలోనే పెళ్లి చేశారు. చదువు మాత్రం పెళ్లయ్యాక, తమ్ముడు పుస్తకం పట్టుకుని కూర్చుంటే పక్కన చేరి నేర్చుకున్నదే. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. 1905లో, ముప్పయ్యేళ్లకే, కన్నుమూశారు. ఈలోగా ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అని గొప్ప స్త్రీల చరిత్రలు రాశారు. ఆ పుస్తకం ఎందుకు రాస్తున్నారో మొదట్లోనే చెప్పుకున్నారు. ఆడవాళ్లు బలం లేనివాళ్లు, బుద్ధి లేనివాళ్లు అనేవాళ్ల మాట అబద్ధమని చూపించడం ఒకటి. చదువూ స్వేచ్ఛా ఇస్తే ఆడవాళ్లు చెడిపోతారు, మొగుళ్లని లెక్కచెయ్యరు, సంసారాలు పాడవుతాయి అనేవాళ్లకి జవాబు చెప్పడం రెండోది.

నూరేళ్లు ఎప్పుడో దాటాయి. ఆ రెండో మాటని నేను నిన్న రాత్రి ఫోన్‌లో విన్నాను. చెప్పినాయన మెడలో రుద్రాక్షలు, ఎదురుగా మైకు, కింద లక్షల వీక్షణలు.

పండితుల మాటల్ని మనం ఎప్పుడూ ఆడవాళ్ల గురించిన మాటలుగానే వింటాం. ఆడది చదవొచ్చా, గడప దాటొచ్చా, మళ్లీ పెళ్లాడొచ్చా అని. నాకు మాత్రం అవి మగవాడి గురించిన మాటల్లా వినపడతాయి. మగవాడంటే ఎవరు, వాడి చేతిలో ఏముండాలి, వాణ్ని లెక్క అడిగే అధికారం ఎవరికుంది, అక్కడ ఉంటుంది అసలు పేచీ. ఈ పూట ఆ వైపు నుంచి చెబుతాను.

మన తెలుగులో ఈ తగువు అచ్చులో జోరుగా సాగింది 1870లలో. కొక్కొండ వెంకటరత్నం పంతులు గారు మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితులు, తర్వాత మహామహోపాధ్యాయ బిరుదు అందుకున్నారు. ఆయన పత్రిక ‘ఆంధ్రభాషా సంజీవని’. అందులో స్త్రీవిద్యని కాదని రాస్తే, కందుకూరి వీరేశలింగం గారు బందరు నుంచి వచ్చే ‘పురుషార్థ ప్రదాయిని’లో బదులిచ్చారు. తర్వాత 1874లో తనే ‘వివేకవర్ధని’ పెట్టారు, ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి తెరిచారు. పంతులు గారు ‘హాస్యవర్ధని’ పెట్టి వెక్కిరిస్తే, వీరేశలింగం గారు ‘హాస్య సంజీవని’ పెట్టి వెక్కిరించారు. ఒకరి పత్రిక పేరులో సగం పట్టుకుని ఇంకొకరు ఆడుకోవడం అన్నమాట. ఇవాళ్టి టీవీ చర్చలు చూసి నాగరికత నశించిందని బాధపడేవాళ్లు ఆ పత్రికలు ఒకసారి తిరగేస్తే కాస్త ఊరట పొందుతారు.

పత్రికల్లో నవ్వులుగా ఉన్నది వీధిలోకి వచ్చేసరికి నవ్వులు కాలేదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిగింది. పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది. పెళ్లికి అండగా నిలిచినవాళ్లని వెలివేశారు. పక్కన నిలబడతామన్న పెద్దమనుషుల్లో కొందరు ప్రాయశ్చిత్తం చేసుకుని వెనక్కి పోయారు. వంటవాళ్లు మానేశారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. అప్పుడు వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు బిందె చంకనెత్తుకుని గోదావరికి వెళ్లి తనే నీళ్లు మోశారు, పెళ్లివారికి వండి పెట్టారు. సంస్కరణ చరిత్రలో ఉపన్యాసాల తారీఖులు ఉంటాయి. ఆవిడ ఎన్ని బిందెలు మోసిందో ఎవరూ రాయలేదు.

ఆ పెళ్లి అంటే పండితులకి అంత భయం ఎందుకు? పెళ్లాడేది ఒక చిన్నపిల్ల, పెళ్లాడేది ఒక మామూలు కుర్రవాడు. వాళ్లని భయపెట్టింది, మొగుడు పోయాక కూడా తనదిగా ఉండాల్సిన మనిషి చేయి దాటిపోవడం. చచ్చిపోయిన మగవాడికి కూడా ఒక హక్కు ఉంచారు వాళ్లు, బతికున్న పిల్లకి లేదు.

అలాగని వీరేశలింగం గారిని ఆ ఒడ్డున, పండితుల్ని ఈ ఒడ్డున నిలబెట్టేస్తే లెక్క సరిపోదు. ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ రాసింది, మంచి కవిత్వం. వీరేశలింగం గారే అది బూతని, ఆడదాని నోట రాకూడని మాటలని కోప్పడ్డారు. మగకవుల కావ్యాల్లో ఉన్న శృంగారం ఆయనకి అంత అడ్డు రాలేదు. బెంగుళూరు నాగరత్నమ్మ గారు ఆ మాటే నిలదీసి అడిగి, 1910లో వావిళ్ల వారి చేత పుస్తకాన్ని పూర్తిగా అచ్చు వేయించారు. మరుసటేడు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులు గారి హయాంలో, 1947లో గాని ఆ నిషేధం పోలేదు. వీరేశలింగం గారు ఆడవాళ్లకి చదువు ఇవ్వాలనుకున్నారు, మళ్లీ పెళ్లి ఇవ్వాలనుకున్నారు, నిజంగా ఇచ్చారు కూడా. ఆయన మీద నాకున్న గౌరవం తగ్గేది కాదు. కానీ ఇవ్వకుండానే ఒకావిడ తీసేసుకుంటే మాత్రం ఆయనకీ చిరాకే.

ఇక్కడ అచ్చమాంబ గారి ‘ధన త్రయోదశి’ కథ చెప్పాలి. 1902లో ‘హిందూ సుందరి’ పత్రికలో వచ్చింది. ఆ పత్రిక మన ఏలూరుదే. తెలుగులో తొలి కథ ఇదా, 1910లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటా’ అని పండితులు ఇంకా తేల్చుకోలేదు. వాళ్లని తేల్చుకోనిద్దాం. కథ ఇది. దీపావళి వస్తోంది. షావుకారు కింద పనిచేసే ఒకాయన ఇంట్లో పండక్కి ఏమీ లేదు. పెళ్లానికీ పిల్లలకీ ఏమీ తేలేకపోతున్నానన్న బాధ తట్టుకోలేక ఆయన యజమాని సొమ్ము ఇంటికి తెస్తాడు. భార్య ఆ డబ్బు ఎక్కడిదని అడుగుతుంది. ఎక్కణ్నుంచి తెచ్చారో అక్కడ పెట్టి రమ్మంటుంది. చివరికి అంతా శుభమే అవుతుంది, ఆ రోజుల కథలు అలాగే ముగిసేవి.

ఈ కథని పతివ్రత కథగా చదివేవాళ్లున్నారు. నాకు ఇందులో ఆ మగవాడు కనపడతాడు. దొంగబుద్ధి ఉన్నవాడు కాదు. ఇంట్లో పెట్టలేనివాడు మగవాడు కాడని ఎవరో చిన్నప్పుడే చెప్పారు, అంతే. ఆ ఒక్క మాట ఆయన్ని నీతి తప్పేదాకా తోసింది. భార్య చేసింది చిన్న పని: పెట్టేవాణ్ని లెక్క అడిగింది. పెట్టించుకునేవాళ్లు లెక్క అడక్కూడదు కదా మన ఇళ్లల్లో. అడిగింది కనక ఆ మగవాడు బాగుపడ్డాడు. ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల 1902లో రాసింది ఇది.

ఇక విశ్వనాథ వారి సంగతి. పాత కృష్ణాజిల్లా సభలో విశ్వనాథ సత్యనారాయణ గారిని విమర్శించడానికి కొంచెం గుండెధైర్యం కావాలి. ఆయనది నందమూరు, పని చేసింది విజయవాడలో, జ్ఞానపీఠం తెచ్చింది మనకి. చలం గారు కూడా విజయవాడలో ఉన్నవారే. ఒకే ఊళ్లో, ఒకే ఎండలో, ఆడదాని గురించి ఇంత దూరం దూరంగా ఆలోచించిన ఇద్దరు పెద్దలు ఇంకెక్కడైనా ఉన్నారేమో నాకు తెలియదు. చలం ‘మైదానం’ 1927. దానికి జవాబే విశ్వనాథ ‘చెలియలికట్ట’ అని చాలామంది విమర్శకులు అంటారు. అన్నీ వదిలి వెళ్లిపోయిన ఆడది ఎక్కడ తేలుతుందో చూపించడానికి ఆయన సముద్రాన్నే రప్పించాడు.

అయినా సరే, నా మాట ఇది: విశ్వనాథ చెప్పిన మగతనం ఇవాళ్టి ఫోన్ పండితులు చెప్పే మగతనం కంటే ఎన్నో రెట్లు బరువైనది. ‘వేయిపడగలు’లో ధర్మారావు మీసం తిప్పడు. ఎవరినీ కొట్టడు. ఆస్తి పోయింది, ఊరు చెదిరింది, మాటకి కట్టుబడి కష్టాలు పడతాడు. మగవాడంటే నిగ్రహం ఉన్నవాడు, బాధ్యత ఉన్నవాడు అని ఆయన నమ్మకం. రాముడు గొప్పవాడైంది రావణుణ్ని చంపినందుకే కాదు, ఏకపత్నీవ్రతానికి కూడా. ఈ మాట మగవాడికి గట్టిగా చెప్పిన పండితుణ్ని నేను తీసిపారెయ్యలేను. కాకపోతే ఆ నవలలో పడగలన్నీ ఒక్కొక్కటే రాలిపోయి చివరికి మిగిలేది దాంపత్యం. దేవాలయం, జమీ, కులవృత్తులు అన్నీ మోయలేక వదిలేసిన బరువంతా చివరికి ఒక్క ఇల్లాలి నెత్తిన పడుతుంది. ధర్మారావు ఆ బరువు సరిగ్గా మోశాడా లేదా అని అడగడానికి ఆవిడకి మాత్రం చోటు లేదు. ధర్మం ఆయన అంతరాత్మకే జవాబు చెప్పుకుంటుంది, భార్య అరుంధతికి కాదు.

పాత పండితుడి దగ్గర బాధ్యత అయినా ఉంది. కొత్తాయన దాన్ని కూడా అటక మీద పెట్టేశాడు. ఇప్పుడు మిగిలింది కసురుకోవడం. 2017లో ‘అర్జున్ రెడ్డి’ సినిమా వచ్చింది. రెండేళ్ల తర్వాత అదే దర్శకుడు ఒక ఇంటర్వ్యూలో, ప్రేమలో ఒకరినొకరు చెంపదెబ్బ కొట్టుకునే చనువు లేకపోతే అందులో ఏముందన్నట్టు మాట్లాడారు. దేశమంతా గొడవైంది. ఆ సినిమా మీద నాకు వేరే అభిప్రాయాలున్నాయి, అవి ఇక్కడ వద్దు. దెబ్బని చనువు కింద జమ కట్టడం చూస్తే, పాతకాలం పండితుడు కూడా సిగ్గుపడేవాడు.

అదే 2017 ఫిబ్రవరిలో మన పక్కనే, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర జాతీయ మహిళా పార్లమెంటు పెట్టారు. దేశం నలుమూలల నుంచి ఆడవాళ్లు వచ్చారు. ఆ సభకి ముందే అప్పటి స్పీకరు కోడెల శివప్రసాదరావు గారు విలేఖరులతో మాట్లాడుతూ ఆడవాళ్లని కారుతో పోల్చారు: ఇంట్లో ఉన్నంతసేపూ కారుకి ఏమీ కాదు, రోడ్డెక్కితేనే ప్రమాదాలు. పెద్ద దుమారం రేగింది. తన మాటల్ని వక్రీకరించారని ఆయన అన్నారు. ఆయన ఇప్పుడు లేరు, ఉద్దేశం చెడ్డదని నేను అనను. కాపాడాలనే అనుకుని ఉంటారు. షెడ్డులో ఉన్న కారుని ఎవరూ పాడు చెయ్యరు నిజమే. తాళంచెవి ఎవరి జేబులో ఉంటుందనేదే నాకు తట్టే ప్రశ్న.

ఇది మన ఒక్కరి జాడ్యం అనుకోకండి. అమెరికాలో 1972లో ఆడామగా సమాన హక్కుల సవరణ అక్కడి పార్లమెంటులో నెగ్గింది. 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి, 1982లో గడువు ముగిసేసరికి 35 దగ్గర ఆగిపోయింది. దాన్ని ఆపడానికి ఊరూరా తిరిగినావిడ ఫిలిస్ ష్లాఫ్లీ. ఆడదాని చోటు ఇల్లని చెప్పడానికి ఆవిడ ఇంటిపట్టున ఉండలేదు. ఆవిడ వాదం కొట్టిపారేసేది కాదు. మొగుడు పోషించాలనే రక్షణ పోతే ఇంట్లో ఉండే ఆడది ఏమవుతుందని అడిగింది. 2023లో అక్కడి సెనేటరు జాష్ హాలీ మగతనం మీద ఏకంగా ఒక పుస్తకం రాశాడు: మగవాళ్లు మళ్లీ భర్తలు, తండ్రులు, యోధులు కావాలని. మన ప్రవచనం వీడియోలకీ ఆ పుస్తకానికీ దేవుడొక్కడే తేడా.

వీళ్లందరినీ ఒక చోట కూర్చోబెడితే నాకు ఒకటి కనపడుతుంది. వీళ్లు మెచ్చుకునే మగవాడు పెట్టేవాడు. అన్నం పెడతాడు, చీర పెడతాడు, నీడ ఇస్తాడు, కాపాడతాడు. మంచి మగవాడంటే పెట్టుపోతలు తెలిసినవాడు. పంచేవాడు వీళ్ల లెక్కలో మగవాడు కాదు. పెట్టినప్పుడు చెయ్యి పైన ఉంటుంది. పంచితే రెండు చేతులూ ఒక ఎత్తులో ఉండాలి.

పెట్టడానికీ పంచడానికీ ఉన్న ఈ తేడాని నేను నా వృత్తిలో చూశాను, అది చెబుతాను. నేను నూజివీడు కోర్టులో సివిల్ వైపు పనిచేసినదాన్ని. కందకాల మీద, గట్ల మీద, దారుల మీద తగువులు పడే ఊళ్లు మనవి. మామిడి తోట మీద తగువు మామూలు పొలం తగువులా ఉండదు. వరిచేను ఏ ఏటికా ఏడు. తోట అలా కాదు, తాత నాటిన చెట్టు మనవడికి కాస్తుంది. అందుకే తోట అనేసరికి అది ‘ఇంటి మగపిల్లల’ది.

ఈ జిల్లాకి ఎవరి పేరు పెట్టారో మీకు తెలుసు. తెర మీద రాముడూ ఆయనే, కృష్ణుడూ ఆయనే, దుర్యోధనుడూ ఆయనే, మగతనానికి మూడు రకాల నమూనాలు. ఆ ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా ఆడపిల్లలకి కొడుకులతో సమానంగా పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ చట్టం తెచ్చారు. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. అప్పటికే పెళ్లయిపోయినవాళ్లకి మాత్రం వాటా లేదన్నారు. దాంతో ఒకే ఇంట్లో 1984లో పెళ్లయిన పెద్దకూతురికి లేదు, 1986లో పెళ్లయిన రెండోదానికి ఉంది. ఇరవై ఏళ్ల తర్వాత, 2005 సెప్టెంబరు 9న, కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చి ఆ తేడా తీసేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అక్కర్లేదా అని ఇంకో పదిహేనేళ్లు కొట్టుకున్నాం. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు అక్కర్లేదంది. 1956కి ముందు హిందూ కోడ్ బిల్లు నాడు పార్లమెంటులో ఎంత గొడవ జరిగిందో, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారే ఎంత వ్యతిరేకించారో తెలిసినవాళ్లకి ఇదంతా చిన్న ప్రయాణం కాదని తెలుస్తుంది. మన దుర్గాబాయి గారు అప్పుడు ఆ బిల్లు పక్కన నిలబడ్డారు.

చట్టం వచ్చింది. తోట మాత్రం కదల్లేదు. ఎందుకంటే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఒక కాగితం ఉంది, హక్కు విడుదల దస్తావేజు. మధ్యాహ్నం పన్నెండింటికి కారు దిగుతారు. అన్న, తమ్ముడు, మధ్యలో అక్క. అక్కకి కొత్త చీర. దస్తావేజు రాసే ఆయన ముందే సిద్ధం చేసి ఉంచుతాడు: పెళ్లినాడు పసుపు కుంకుమల కింద నాకు ముట్టవలసినది ముట్టినది గనుక నాకింక ఏ హక్కూ లేదు. చదివి వినిపించారా అమ్మా అంటారు లోపల. విన్నానండి అంటుంది. వేలిముద్ర, ఫొటో, సంతకం. బయటికొచ్చాక హోటల్లో భోజనం. అన్నదమ్ములు దుర్మార్గులు కారు, ఆ మాట నేను గట్టిగా చెబుతాను. తొలికాపు బంగినపల్లి బుట్ట అక్క ఇంటికి చేరాకే వాళ్లు నోట పెట్టుకుంటారు. ఆవకాయకి కాయలు వీళ్లే పంపుతారు. పురుళ్లు పోశారు, సారెలు పెట్టారు. బుట్టల కొద్దీ పెట్టగలరు, యాభై సెంట్లు మాత్రం పంచలేరు.

కట్నం ఇచ్చాం కదా అంటారు. కట్నం ఇవ్వడమే 1961 నుంచి నేరం, అందుకే కాగితంలో ఆ మాట రాయరు, పసుపు కుంకుమలని రాస్తారు. పోనీ ఇచ్చింది ఎవరి చేతికి వెళ్లింది? మామగారి చేతికి, అక్కణ్నుంచి మరిది వ్యాపారంలోకి. ఆవిడ తన వాటా రెండు ఇళ్ల మగవాళ్లకీ ఇచ్చి, ఎవరి దగ్గరా లెక్క అడక్కుండా కూర్చుంది. ఎందుకమ్మా సంతకం పెడతావని అడిగితే నాకు వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే. వాటా అడిగితే పుట్టిల్లు పోతుందండీ. ఈ జవాబులో తెలివితక్కువతనం లేదు. రేపు మొగుడు కొడితే వెళ్లి నిలబడే గుమ్మం అదొక్కటే. ఆ గుమ్మానికి యాభై సెంట్లు అద్దె కడుతోందామె.

తోటలో కూలి సంగతి కూడా ఇదే దారి. చెట్టెక్కి చిక్కంతో కోసేవాడిది ఒక కూలి, కింద ఏరి, తొడిమ చూసి, సైజులు వేరు చేసి, బుట్టకెత్తేదానిది తక్కువ కూలి. చెట్టెక్కడం ప్రమాదం కదా అంటారు. ఒప్పుకుంటాను. మరి చెట్టెక్కని మగవాడికి, కింద ఆమె పక్కనే కూర్చుని అదే కాయ ఏరేవాడికి, మగ కూలి ఎందుకు? సమాన వేతనాల చట్టం 1976లోనే వచ్చింది. ఇక్కడ దానికి జవాబు చెప్పే పండితుడు మేస్త్రీ. ఇల్లు నడిపేది మగాడు కదమ్మా అంటాడు. ఆ మాట అనేటప్పటికి అతని ఇల్లు నడుస్తున్నది అతని భార్య డ్వాక్రా అప్పు మీద.

చదివిస్తే ఆడవాళ్లు ఏం చేస్తారని అచ్చమాంబ గారి కాలపు పండితులు అడిగారు కదా. దానికి 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో జవాబు దొరికింది. రాత్రి బడిలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి మరుసటేడు సారా నిషేధం వచ్చింది. సంసారాలు పాడుచేసింది చదువు కాదు, సారా. పండితులు మొదట్నుంచీ సంసారం గురించే కదా బెంగపడ్డది, వాళ్లలో ఎంతమంది ఆ దుకాణం ముందు కూర్చున్నారో నేను చూడలేదు.

ఒక కుటుంబం సంగతి చెప్పి ముగిస్తాను. పేర్లు చెప్పను, ఊరు చెప్పను, ఈ చుట్టుపక్కలదే. తండ్రి పోయాక అన్న తనంతట తనే వచ్చాడు. విడుదల కాగితం కాదండీ, పంపకం కాగితం రాయండి, చెల్లెలికి మూడోవంతు అన్నాడు. తమ్ముడు అలిగాడు, తర్వాత సంతకం పెట్టాడు. ఊళ్లో ఈ అన్నకి పేరు పడింది, చేతకానివాడని. పెళ్లాం మాట వింటాడన్నారు, నిజానికి వాళ్లావిడ కూడా కొంచెం విసుక్కుంది. బజార్లో గాజులు తొడుక్కోమన్నవాళ్లున్నారు. ఆయన పెద్ద మాటకారి కాదు, ఎవరికీ జవాబు చెప్పలేదు. చెల్లెలు మాత్రం ఆ ఏడు పూత మీద తన వాటా తోట తనే బేరం పెట్టింది. వ్యాపారి వచ్చి చెట్ల కింద తిరిగి, మీ అన్నగారు లేరా అమ్మా అన్నాడు. ఉన్నారు, ఆయన తోటలో ఉన్నారు, ఇది నాది, ధర చెప్పండి అంది. ఆయన చెప్పిన ధర చాలా తక్కువ. రెండు వారాలు తిప్పి ఇంకొకరికి ఇచ్చింది. తర్వాత ఈదురుగాలికి కాయ రాలి, కొన్నాయన చివరి విడత సొమ్ము ఎగ్గొట్టాడు. ఇప్పుడు ఆ కేసు వాదిస్తున్నది నా జూనియరు. అన్నగారు వాయిదాకి సాక్షిగా వస్తున్నారు.